చేపపెట్టెలో తోటకూర

ఫిషింగ్ హార్బర్‌లో పారేసిన థర్మకోల్ పెట్టెలు
పదకొండు,
సైకిల్ వెనక కట్టుకుని జ్ఞానాపురం తెచ్చాను.
ఎంత కడిగినా కోనెం వాసన వదల్లేదు.
పోనీలే, మట్టికి ముక్కుంటుందా అనుకున్నాను.
మట్టికి లేదు గానీ
వారం తిరక్కుండా వీధిలో పిల్లులన్నీ
మా డాబా మీదే కాపురం పెట్టాయి.

ఇంటి ఓనరు వరహాలమ్మ గారు
ఆఖరి మెట్టు మీద నిలబడి ఒకే మాటన్నారు:
"శ్లాబు కారిందంటే నీదే పూచీ, గవర్రాజూ."
ముక్కు మూసుకుని దిగిపోయారు.

నేను క్రేన్ ఎక్కే మనిషిని.
ఓడ కడుపులోంచి బొగ్గు తోడి
గట్టున పోయడం ఇరవై రెండేళ్ళుగా నా పని.
గాలి లేస్తే ఆ పొడి ఎటు పోతుందో
ఒక్కనాడూ ఆలోచించలేదు.

తోటకూర మొలిచాక తెలిసింది.
నైట్ డ్యూటీ దిగి వచ్చి చూస్తే
రెండాకుల మొక్కకి
ఎవరో కాటుక పెట్టి పోయినట్టు నల్లటి పొర.
వేలితో తుడిచాను.
వేలికి అది కొత్త కాదు.

అప్పట్నుంచి పొద్దున్నే
తడిగుడ్డ, చెంబెడు నీళ్ళు.
బడికి పోయే పిల్లాడి మొహంలా
ఒక్కో ఆకునీ పైనా కిందా తుడవడం.
రాత్రి నేనే పోసి
తెల్లారి నేనే కడుగుతున్నాను.
ఈ ఓవర్‌టైమ్ ఏ రిజిస్టర్లో రాయాలో తెలీదు.

మందుల కొట్టు కుర్రాడు నీలం సీసా చూపించాడు,
"ఒక్క మూత చాలు బాబాయ్, పురుగు బతకదు."
కొందామనే డబ్బులు లెక్కపెట్టుకుని
ఇంటికొచ్చి పురుగు తిన్న ఆకు ఎత్తి చూశాను.
నడిమధ్యన చిన్న కిటికీ.
అందులోంచి డాల్ఫిన్ నోస్ కొండ, కొండ మీద దీపం.
మళ్ళీ కొట్టుకి పోలేదు.

చేపలు కోసే నూకాలు ఇచ్చిన తలలూ పేగులూ,
ఎత్తుకి ఎత్తు అనకాపల్లి బెల్లం,
డ్రమ్ములో వేసి నెల్రోజులు మూత బిగించాను.
మూడోరోజున మా రత్నమణి
"అదుండాలి, లేదా నేనుండాలి" అంది.
నెల తిరిగాక మూత తీస్తే
పనసతొన వాసన.
తనే ముందు వంగి చూసింది.

ఖర్చు మాత్రం అడక్కండి.
వేపపిండి, పేడ, కొబ్బరిపొట్టు, ఆటో కిరాయి
అన్నీ కలిపితే మొదటి నాలుగు వంకాయలూ
ఒక్కోటీ నూట డెబ్భై పడ్డాయి.
రైతుబజార్లో కిలో నలభై.
అయినా కోస్తుంటే తొడిమ ముల్లు గుచ్చుకుంది చూడండి,
అబ్బా అన్నాను, నవ్వొచ్చింది.
కొన్న వంకాయ ఎప్పుడైనా గుచ్చుకుందా?
ఆ పూట నువ్వుపిండి జల్లి కూర చేసింది,
అన్నం రెండోసారి వండాల్సొచ్చింది.

అక్టోబరులో ఒక సాయంత్రం
ఉప్పుగాలి విరుచుకుపడి
ఆనప పందిరి పక్కకి ఒరిగిపోయింది.
నేనొక్కణ్ణే వల ముక్క లాగుతూ ఉంటే
వెనక నుంచి గాజుల చెయ్యొకటి
తీగ మెడ కింద ఆనింది.
వరహాలమ్మ గారు.
ఆఖరి మెట్టు దాటి రావడం అదే మొదలు.
"గట్టిగా బిగించకు, కాడ నలుగుతుంది" అన్నారు.
వాన మొదలయ్యేదాకా పట్టుకునే ఉన్నారు.

మర్నాడు మెట్ల దగ్గర
అడుగు పగిలిన బకెట్టు, అందులో
నాలుగు మిరప నారు.
ఎవరిదని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
శ్లాబు సంగతి మాత్రం
ప్రతి ఒకటో తారీఖునా గుర్తుచేస్తారు.

ఇప్పుడు క్రేన్ క్యాబిన్లో కూర్చోగానే
ముందు గాలి ఎటుందో చూస్తాను.
ఊరి వైపు తిరిగితే
బకెట్ కిందకంటా దించి మెల్లగా ఒంపుతాను.
కింద పైపు పట్టుకున్న కుర్రాణ్ణి కేకేసి
ఇంకాస్త తడపరా అంటాను.

వాడు పడీపడీ నవ్వుతాడు,
"ఎందుకు బాబాయ్,
బొగ్గుకి నీళ్ళోస్తే మొలుస్తుందా?"

ఏమోరా.
పైపు ఇటు తిప్పు.